కాయ వాళ్ళను జరపనివ్వు

ప్రశ్న: అక్కా, నాకు 32 ఏళ్ళు. హనుమకొండలో ఇన్సూరెన్స్ ఆఫీసులో పని. ఇంతకుముందు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసినప్పుడు మా టీమ్‌లో ఒక అన్న నాకు బోర్డు గేమ్స్ నేర్పించాడు. నాన్నకు బాగాలేక 2021లో ఊరికి వచ్చేశాను. వస్తూ మూడు గేమ్ డబ్బాలు తెచ్చుకున్నాను. ఇప్పుడు ప్రతి ఆదివారం సాయంత్రం నయీంనగర్‌లో మా ఇంటి పైపోర్షన్‌లో పది మందిమి కూర్చుని ఆడుకుంటాం. ఏడాది కింద ఒక ఇంజనీరింగ్ కుర్రాడు వచ్చాడు. చాలా చురుకు. కటాన్, టికెట్ టు రైడ్, పాండమిక్, అన్నీ నేనే నేర్పాను. తప్పు ఎత్తు వేస్తే అప్పటికప్పుడే చెప్పేవాణ్ణి, వీడియోలు పంపేవాణ్ణి. నెల రోజులుగా రావడం లేదు. ఆఖరిసారి వచ్చినప్పుడు "అన్నా, నేను ఆడినట్టే అనిపిస్తలేదు" అన్నాడు. ఇప్పుడు హాస్టల్‌లో వేరే గ్రూపు పెట్టుకున్నాడట, రూల్స్ కూడా తప్పుగా ఆడుతున్నారట. నేర్పడం తప్పా? ఇంకోటి, ఆ హైదరాబాద్ అన్న రెండు మూడు నెలలకోసారి వస్తాడు. అందరి ముందూ నన్ను ఇంకా కొత్తవాడిలాగే చూస్తాడు. నేను రూల్స్ చెప్తుంటే మధ్యలో అందుకుంటాడు. గురువు లాంటివాడు, ఏమీ అనలేను. మా ఆవిడ మొదట్లో ఆడేది, ఇప్పుడు ఇంట్రెస్ట్ లేదంటుంది. టీ పెట్టి, స్కోరు రాసి సాయం చేస్తుంది. "ఇద్దరినీ వదిలెయ్" అంటుంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమనుకోకు.

ఇక్కడ చోటు లేక కుదించి వేశాను గానీ, నీ అసలు ఉత్తరంలో ఆ కుర్రాడి సంగతే రెండు పేజీలుంది. హైదరాబాద్ అన్న సంగతి ఏడెనిమిది వరుసల్లో ముగించావు. ఎందుకో నాకు అర్థమైందనే అనుకుంటున్నాను. రాస్తూ రాస్తూ ఉండగా, ఆయన నీకు చేస్తున్నదే నువ్వు ఆ పిల్లవాడికి చేశావని నీకే తట్టి ఉంటుంది. అందుకని ఆ పోలికను నేను సాగదీయను.

నేర్పడం తప్పా అని అడిగావు. తప్పు కాదు. ఏది నేర్పాలి, ఏది నేర్పకుండా ఊరుకోవాలి అన్న దగ్గరే తేడా వచ్చింది.

మా బాపమ్మ అష్టాచమ్మ ఆడేది. ఎండాకాలం సెలవుల్లో మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగు మీద బండ తుడిచి, సుద్దతో ఐదు అడ్డం ఐదు నిలువు గళ్ళు గీసేది. నాలుగు గవ్వలు ఆమె కొంగుముడిలోనే ఉండేవి. కాయలకు విరిగిన గాజుముక్కలు, చింతగింజలు, ఏది దొరికితే అది. కాయ మీద చెయ్యి ఉన్నంతసేపు ఎంతైనా ఆలోచించుకోవచ్చు, చెయ్యి తీస్తే అయిపోయినట్టే. నేను కాయ జరపగానే "చెయ్యి తీసినవా?" అని అడిగేది. ఒక్కసారే. తప్పు గడిలో పెట్టానని అడుగుతోందా, ఊరికే అడుగుతోందా తెలిసేది కాదు. ఎందుకంటే మంచి ఎత్తు వేసినా అదే మాట అడిగేది. తీశానంటే గవ్వలు వేసి, నా కాయను కొట్టి, తీసి పక్కన పెట్టేది. ఆ తర్వాత కూడా ఒక్క మాట అనేది కాదు.

మా పెద్దబాపు అట్లా కాదు. పిల్లల వెనక మంచం వాల్చుకుని కూర్చుని, మా భుజాల మీదుగా చెయ్యి చాపి కాయలు ఆయనే జరిపేవాడు. ఆయన ఎవరి వెనక ఉంటే వాళ్ళదే గెలుపు. ఆయన వస్తున్నాడంటే మేం బండ మీద నీళ్ళు పోసి లేచిపోయేవాళ్ళం.

బాపమ్మ నేర్పలేదా అంటే, అంతా ఆమే నేర్పింది. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చమ్మ, నాలుగు. అన్నీ బోర్లా పడితే అష్ట, ఎనిమిది. అవతలివాళ్ళ కాయ ఒక్కటైనా కొట్టనిదే లోపలి గళ్ళలోకి పోరాదు. ఇవన్నీ మొదటి గవ్వ వెయ్యకముందే చెప్పేది, ఏదీ దాచేది కాదు. ఏ కాయ జరపాలో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

నేను కటాన్ నేర్చుకుంది నలభై దాటాక. నేర్పింది మా అక్క కొడుకు. వాడు ఎన్‌ఐటీలో చదివే రోజుల్లో ఆదివారాలు మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు. ఒకరోజు సంచిలో ఆ డబ్బా పెట్టుకొచ్చాడు. అది 1995లో జర్మనీలో వచ్చిన ఆట అనీ, తయారుచేసిన క్లాస్ టోయ్‌బర్ అప్పటికి కట్టుడు పళ్ళ ల్యాబ్ నడుపుకునేవాడనీ చెబితే మా ఆయన నవ్వాడు. ఆయనా, మా అమ్మాయీ, నేనూ, వాడూ, నలుగురం కూర్చున్నాం. పందొమ్మిది పలకలు పరిచి, అంకెల బిళ్ళలు పెట్టి, "చిన్నమ్మా, అంకె కింద చుక్కలు చూడు" అన్నాడు. 6 కింద, 8 కింద ఐదేసి చుక్కలు. 2 కింద, 12 కింద ఒక్కొక్కటే. రెండు పాచికలు కలిపి వేస్తే 36 రకాలుగా పడొచ్చు, అందులో 6 వచ్చేవి ఐదు, 12 వచ్చేది ఒక్కటే. చుక్కలు ఎక్కువున్న అంకె పక్కన ఇల్లు పెడితే సరుకులు ఎక్కువసార్లు వస్తాయని విడమరచి చెప్పాడు. 7 పడితే దొంగ కదులుతాడనీ, అప్పటికి చేతిలో ఏడు కంటే ఎక్కువ కార్డులున్నవాళ్ళు సగం వదులుకోవాలనీ చెప్పాడు. ముందు పది పాయింట్లు చేసినవాళ్ళదే ఆట అన్నాడు. ఇక నీ మొదటి ఇల్లు పెట్టు అని చెప్పి, "నీళ్ళు తాగొస్త" అంటూ లేచి వంటింట్లోకి పోయాడు.

నేను ఓడరేవు బొమ్మ చూసి ముచ్చటపడి, సముద్రం ఒడ్డున 12కీ 3కీ మధ్య పెట్టాను. రెండూ కలిపినా మూడు చుక్కలే. వాడు వచ్చి చూశాడు, ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు. రెండో ఇల్లు పెట్టే వేళకు వాడికి మళ్ళీ దాహం వేసింది. ఆ రోజు గంటన్నర ఆడితే నాకొచ్చినవి నాలుగు పాయింట్లు. రాత్రి పడుకుంటే ఆ మూడు చుక్కలే కళ్ళ ముందు. తర్వాతి ఆదివారం భోజనాల దగ్గరే నేను అడిగాను, డబ్బా తెచ్చావా అని. నీళ్ళ సంగతి వాడు చాలా రోజుల తర్వాత చెప్పాడు: "అక్కడ్నే కూసుంటే నోరు ఆగది చిన్నమ్మా."

చుక్కల లెక్క చెప్పకుండా ఆడించి ఉంటే వాడి మీద నాకు కోపం వచ్చేది. ఇల్లు ఎక్కడ పెట్టాలో కూడా చెప్పి ఉంటే ఆ ఆట మీద మమకారమే వచ్చేది కాదు. తెలియక ఓడితే నేర్పినవాడి తప్పు. అన్నీ తెలిసి ఓడితే ఆ ఓటమి నాది, దాని గురించి రాత్రంతా ఆలోచించుకునే హక్కూ నాదే. నువ్వు ఆ పిల్లవాడి దగ్గర లాక్కున్నది అదే.

వాడు "ఆడినట్టే అనిపిస్తలేదు" అన్నది అలక మాట కాదు, ఉన్నమాట. క్రికెట్లో కోచ్ ఎంత చెప్పినా బ్యాట్ ఊపేది పిల్లవాడే, దెబ్బ తగిలినా వాడి చేతికే. వంటలో ఎంత చెప్పినా కలిపే చెయ్యి వేరు. బోర్డు గేమ్‌లో అట్లా కాదు. చెక్కముక్కను ఎవరు జరిపినా ఒకేలా జరుగుతుంది. ఎక్కడికి జరపాలి అన్న ఆలోచన ఒక్కటే అందులో ఉన్న ఆట. అది నువ్వు చెప్పేశాక వాడికి మిగిలింది ముక్కలు జరిపే కూలిపని. ఏడాదిపాటు ఓర్చుకున్నాడంటే నీ మీద గౌరవం ఉండబట్టే.

మన ఊళ్ళో బోర్డు గేమ్ అంటే ముందుగా "చెస్సా?" అని అడుగుతారు. అడగరా మరి! అర్జున్ ఎరిగైసి ఇక్కడివాడు. 2018లో, పదిహేనేళ్ళు నిండకముందే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2024 డిసెంబరు జాబితాలో 2801 రేటింగ్‌తో, విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడయ్యాడు. ఆ స్థాయి ఆటగాళ్ళకు కోచ్‌లుంటారు, మొదటి ఎత్తులు తయారుచేసి పెట్టేవాళ్ళుంటారు, కంప్యూటర్లుంటాయి. అంతమంది ఉన్నా, గడియారం మొదలయ్యాక మాత్రం బోర్డు ముందు ఒక్కడే. ఆట నడుస్తుండగా ఎవరి సలహా తీసుకోకూడదని ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే నియమాల్లోనే రాసి ఉంది. శిక్షణ ఎంతో పద్ధతిగా ఉన్న బోర్డు ఆట అది. అందులో నేర్పడమంతా ఆటకు ముందో, తర్వాతో. ఆట అయ్యాక గెలిచినవాడూ ఓడినవాడూ అదే బల్ల దగ్గర కూర్చుని, ఎక్కడ దారి తప్పిందో ముక్కలు వెనక్కి జరిపి చూసుకుంటారు. దాన్ని పోస్ట్‌మార్టం అంటారు, శవం ఏదీ లేకపోయినా.

నీ బల్ల దగ్గర కొరవడింది ఆ పది నిమిషాలే. ఆట అయ్యాక టీ తాగుతూ మాట్లాడుకోండి. ముందు నీ తప్పుతో మొదలుపెట్టు. "నేను రోడ్డు పిచ్చిలో పడి ఇటుకలన్నీ తగలేశాను" అని నువ్వంటే, వాడు తనంతట తానే "నేను సిటీ కట్టాల్సింది అన్నా" అంటాడు. అనకపోతే అనకపోయాడు. అడగనివాడికి చెప్పకు. ఇంకో మాట అడుగుతాను, నిజం చెప్పు. వాడు నిన్ను మొదటిసారి ఓడించిన రోజు నువ్వేమన్నావు? "పాచికలు కలిసొచ్చినయ్" అన్నావా?

అయితే ఆట నడుస్తుంటే నోరు కుట్టేసుకోవాలా అంటే, అదీ అక్కర్లేదు. మొదటి ఆటలో కొత్తవాళ్ళకు ఎత్తు వెనక్కి తీసుకునే వీలు ఇవ్వు, అదీ అందరికీ ముందే చెప్పి. రూల్ తప్పితే వెంటనే చెప్పు, అది నీ పనే. "అన్నా, ఇల్లు ఎక్కడ పెట్టను?" అని వాడే అడిగితే చోటు చూపించకు. ఇక్కడైతే ఇటుక, కలప వస్తాయి, రోడ్లు తొందరగా పడతాయి. అక్కడైతే ధాన్యం, ఖనిజం వస్తాయి, సిటీలు కట్టుకోవచ్చు అని రెండు దారులూ చెప్పి ఊరుకో. మొదటి ఇల్లు చెడితే కొత్తవాళ్ళకు గంటన్నర వృథా అని నీకు భయమైతే, దానికి మందు కటాన్ రూల్‌బుక్‌లోనే ఉంది. మొదటిసారి ఆడేవాళ్ళ కోసం పలకలు, ఇళ్ళు, రోడ్లు ఎక్కడెక్కడ పెట్టాలో బొమ్మ వేసి ఇచ్చారు. అది వేసుకుంటే అందరూ సమానంగా మొదలుపెడతారు, నువ్వు వేలు పెట్టే పని ఉండదు.

ఆటలో నువ్వు మరీ ముందుంటే, జాలిపడి దొంగచాటుగా చెత్త ఎత్తులు వెయ్యకు. పిల్లలు ఇట్టే పసిగడతారు. అంతకంటే పెద్ద అవమానం లేదు. గో అనే ఆట ఉంది, పందొమ్మిది గీతలు అడ్డం పందొమ్మిది నిలువు. అందులో బలం తక్కువున్నవాడు ముందే రెండు మొదలుకొని తొమ్మిది దాకా రాళ్ళు బోర్డు మీద పెట్టుకుంటాడు. ఎన్ని రాళ్ళో ఇద్దరూ పైకే మాట్లాడుకుంటారు, సిగ్గేమీ లేదు. ఆ తర్వాత ఇద్దరూ ప్రాణం పెట్టి ఆడతారు. కొత్తవాళ్ళు మొదటి యాభై ఆటలు ఎంత తొందరగా ఓడితే అంత మంచిదని కూడా ఆ ఆటవాళ్ళలో ఒక సామెత.

ఇక పాండమిక్. ఇక్కడ నేనే దోషిని, కాబట్టి నిన్ను తిట్టలేను. ఒక దసరా సెలవుల్లో మా చెల్లెలి కూతుళ్ళకు నేర్పించాను. మాట్ లీకాక్ చేసిన ఆట, 2008లో వచ్చింది. నాలుగు రోగాలు ప్రపంచమంతా పాకుతుంటాయి, అందరం ఒక జట్టు, ఒక్కొక్కరికి టర్న్‌కు నాలుగు పనులు. జట్టు కదా, ఎవరికీ పోటీ కాదు కదా అని నేను ఆగలేదు. నువ్వు ఢిల్లీకి పో, నువ్వు ఆ కార్డు దీనికియ్యి. గంట గడిచేసరికి పెద్దమ్మాయి ఫోన్ చూసుకుంటోంది. చిన్నది మాత్రం "పెద్దమ్మా, నువ్వే మూడు చేతులూ ఆడుకోరాదు" అని చక్కగా చెప్పింది. రోగాలన్నిటికీ మందు కనిపెట్టి గెలిచాం. చప్పట్లు నేనొక్కదాన్నే కొట్టుకున్నాను. బోర్డు గేమ్‌ల లోకంలో దీనికి ఆల్ఫా ప్లేయర్ అని పేరు కూడా ఉందని తర్వాత తెలిసింది. జట్టు ఆటల్లో ఇది పాత జబ్బే. అందరి చేతులూ అందరికీ తెలిసిన చోట, ఎక్కువ తెలిసినవాడు ఊరుకోలేడు.

ఆ జబ్బు ఉన్నవాళ్ళకు నేను హనాబి ఆడమంటాను. ఆంత్వాన్ బోజా చేసిన చిన్న ఆట, 2010లో వచ్చింది, 2013లో జర్మనీవాళ్ళ 'ఆ ఏటి ఆట' బహుమతి దానికే. యాభై కార్డులు, కొన్ని బిళ్ళలు, అంతే. ఇందులో నీ కార్డులు నీకు కనపడవు, ఎదుటివాళ్ళ వైపు తిప్పి పట్టుకోవాలి. నీ చేతిలో ఏముందో బల్ల చుట్టూ అందరికీ తెలుసు, నీకు తప్ప. వాళ్ళు ఇచ్చే సూచనలు కూడా లెక్కే: ఒక రంగో, ఒక అంకో, అంతకు మించి ఒక్క మాట కూడా చెప్పకూడదు. సూచన బిళ్ళలు ఎనిమిదే. పదేళ్ళుగా ఆడుతున్నవాడైనా ఇవాళ వచ్చినవాడి మాట మీద ఆధారపడి కార్డు వెయ్యాలి. నీ బల్ల దగ్గర నెల రోజులు ఇదే ఆడండి. నువ్వు వాడి మీద నమ్మకం పెట్టుకుని ఎత్తు వెయ్యడం ఎలా ఉంటుందో నీకూ తెలియాలి కదా.

ఈ ఆటల్లో గురువు ఎందుకు గురువయ్యాడో కూడా ఒకసారి చూసుకో. డబ్బాలు నీవి. ధరలు తెలిసినవే, విద్యార్థులు కొనగలిగినవి కావు. రూల్‌బుక్ ఇంగ్లీషులో ఉంటుంది, చదివి తెలుగులో చెప్పేది నువ్వే. అంటే వస్తువూ నీదే, భాషా నీదే, ఇల్లూ నీదే. ఇంకా ఎత్తులు కూడా నీవే అంటే అవతలివాడికి కూర్చునే చోటెక్కడ? అందుకని డబ్బా అరువియ్యి. కార్డులు పోతాయని నీకు టెన్షన్ ఉంటుంది, నాకు తెలుసు. జిప్ కవర్లలో పెట్టి, లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకో. నువ్వు చదవని కొత్త ఆట రూల్‌బుక్ వాడి చేతికిచ్చి, వచ్చే ఆదివారం నువ్వు మాకు చెప్పు అను. నేర్చుకున్నవాడు ఇంకొకరికి చెప్పినప్పుడే ఆట వాడిదవుతుంది. వాడి తెలుగులో అది వేరేగా వినపడుతుంది. మా ఇంటి కింద అద్దెకుండే అమ్మాయి టికెట్ టు రైడ్ అనే రైలు ఆటలో, టికెట్ మీదున్న రెండు ఊళ్ళనూ కలిపే దారి పూర్తయితే "నాది పండింది" అంటుంది. అష్టాచమ్మలో కాయ ఇంటికి చేరితే పండింది అనేవాళ్ళం కదా, ఆ మాట తెచ్చి రైలు ఆటకు పెట్టింది. నేను పదిసార్లు "కంప్లీట్ అయింది" అని నేర్పినా ఆ మాట తట్టలేదు.

హాస్టల్‌లో రూల్స్ తప్పుగా ఆడుతున్నారని బాధపడ్డావు. తమ్ముడూ, మనం ఆడిన అష్టాచమ్మ పక్క ఊళ్ళో అలాగే ఆడారా? మా ఊళ్ళో ఒక్క కాయ కొడితేనే లోపలికి పోవాలి, మా అమ్మమ్మ ఊళ్ళో ఆ నియమమే లేదు. మోనోపలీలో ఒకరు కొననన్న స్థలాన్ని వేలం వెయ్యాలని రూల్‌బుక్‌లో ఉంది, ఎంతమంది వేస్తున్నారు? ఊనో అనే కార్డుల ఆటలో ప్లస్ ఫోర్ కార్డు మీద ఇంకో ప్లస్ ఫోర్ వెయ్యకూడదని 2019లో ఆ కంపెనీయే ట్విటర్‌లో చెప్తే, ఆడేవాళ్ళు కంపెనీతోనే గొడవకు దిగారు. నేర్పినవాడి అదుపులోంచి ఆట బయటపడి నలుగురి చేతుల్లో పడితే ఇలాగే అవుతుంది. నీ దగ్గరికి వచ్చిన కుర్రాడు ఏడాది తిరక్కుండానే సొంతంగా గ్రూపు పెట్టాడు. నువ్వు హైదరాబాద్ నుంచి వచ్చి మన ఊళ్ళో పెట్టినట్టే. నాకైతే ఇందులో నీ ఓటమేమీ కనపడలేదు.

వాడిని వెనక్కి పిలవడానికి పెద్ద మెసేజ్‌లు రాయకు. సారీలు కూడా అప్పుడే వద్దు, ఇబ్బంది పడతాడు. ముందు పరీక్షలేమైనా ఉన్నాయేమో కనుక్కో. ఆ తర్వాత "హనాబి కొన్న, మీ దగ్గర ఉంచుకుంటవా?" అని ఒక్క లైను రాయి. ఆడటానికి రమ్మని వాడు పిలిస్తే హాస్టల్‌కు వెళ్ళు, వాళ్ళ రూల్స్‌తోనే ఆడు. దొంగ లేకుండా కటాన్ ఆడుతుంటే దొంగ లేకుండానే ఆడు. నీ నోరు ఆగదనుకుంటే మంచినీళ్ళ సీసా మర్చిపోయి వెళ్ళు.

హైదరాబాద్ అన్న విషయం వేరు. నువ్వూ ఆయనలాగే చేశావు కాబట్టి భరించాలి అని నేను అనను. అందరి ముందూ మాట అందుకోవడం బాగాలేదు, అది ఆయనకు తెలియాలి. కానీ చెప్పే చోటు బల్ల కాదు. పదిమందిలో ఆయన నిన్ను తగ్గించాడని, నువ్వు పదిమందిలో ఆయన్ను తగ్గిస్తే ఆయన మళ్ళీ రాడు. రైలెక్కే ముందు రోజు ఫోన్ చెయ్యి. "అన్నా, ఈసారి రూల్స్ నేను చెప్తా, తప్పు చెప్తే ఆట అయినంక చెప్పు" అను. ఇంత చిన్న మాట చాలు, కారణాలు వివరించకు. ఇంకా మంచి దారి ఒకటుంది. ఆయనకు రాని ఆట ఒకటి నేర్చి పెట్టుకుని ఆయనకు నేర్పు. ఒక్కసారి నీ దగ్గర కూర్చుని రూల్స్ వింటే, నీకు ఏమేం వచ్చో ఆయనకే కనపడుతుంది.

ఆయన వైపు నుంచి కూడా ఒక సంగతి ఆలోచించాను. అంత పెద్ద హైదరాబాద్‌ను వదిలి, రెండు గంటలకు పైగా రైల్లో కూర్చుని, కాజీపేటలో దిగి నయీంనగర్‌కు ఆటోలో వచ్చే మనిషికి అక్కడ ఆడే బల్ల ఉందంటావా? నువ్వు వెళ్ళిపోయాక మీ పాత గ్రూపు ఏమైందో ఎప్పుడైనా అడిగావా? ఇక్కడ పది మంది మధ్య నువ్వు కుదురుకుని ఉన్నావు. ఆయనకు నీ దగ్గర చూపించుకోవడానికి పాత పెద్దరికం తప్ప ఇంకేమీ మిగల్లేదేమో. ఇది నా ఊహే. అడిగి చూడు. అడిగేటప్పుడు ఆటల గురించి కాకుండా ఆయన గురించి అడుగు.

ఇప్పుడు నీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆపిన వాక్యం దగ్గరికి వస్తాను. అది ఆ కుర్రాడి గురించీ కాదు, అన్న గురించీ కాదు. "మా ఆవిడ మొదట్లో ఆడేది, ఇప్పుడు ఇంట్రెస్ట్ లేదంటుంది." అంతే రాసి, టీ, స్కోరు అని ముందుకు పోయావు. ఆమెకు ఆటలు నేర్పింది ఎవరు? ఎన్ని ఆదివారాలు ఆడాక ఇంట్రెస్ట్ పోయింది? ఇంట్రెస్ట్ లేని మనిషి ప్రతి వారం మూడు గంటలు బల్ల పక్కనే కూర్చుని పాయింట్లు ఎందుకు రాస్తుంది? టికెట్ టు రైడ్‌లో ఎవరి రైలు దారి ఎంత పొడుగో లెక్కపెట్టి రాసే మనిషికి ఆట తెలియదని మాత్రం అనుకోకు. నాకు ఉత్తరం రాయడానికి ముందే నీ ప్రశ్నకు జవాబు నీ ఇంట్లో ఉంది. ఆ కుర్రాడు ఏడాదికి చెప్పగలిగిన మాట ఆమె ఇంకా ముందే వేరే మాటల్లో చెప్పింది.

"నువ్వు ఆడడం ఎందుకు మానేశావు?" అని నిలదీయకు, "ఏం లేదు" అంటుంది. వచ్చే ఆదివారం కొత్తవాళ్ళు ఎవరైనా వస్తే రూల్స్ ఆమెను చెప్పమను. ఆ తర్వాత ఆమెనే ఆడమను, నీ కుర్చీలో. స్కోరు ఎవరో ఒకరు రాస్తారు. టీ మాత్రం నువ్వు పెట్టు, అల్లం దంచి, తొందరపడకుండా. మీ వంటింట్లోంచి బోర్డు కనపడకపోతే ఇంకా మంచిది.